కుందేలు పెంటికలు నేరుగా కుండీలో వేయొచ్చా?

(దగ్గరగా: అరచేతిలో ఎండు పెంటికలు)

కడియం నర్సరీలకి వెళ్లి మందారో గులాబీయో కొనుక్కుని, దాంతోపాటు గెత్తం బస్తా కూడా ఆటోలో వేసుకుని వస్తాం కదండీ, కానీ ఇంట్లో కుందేళ్లు పెంచేవాళ్లు చాలామంది వాటి పెంటికల్ని ఊడ్చి కాలువ గట్టున పారబోస్తున్నారు. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. దయచేసి పారేయకండి.

శనగ గింజంత ఉంది, చేతికి అంటట్లేదు, వాసన కూడా పెద్దగా లేదు. (గోటితో చిదుపుతూ) లోపలంతా సన్నటి గడ్డి పీచే. కుందేలు రెండు రకాలుగా వేస్తుందండీ, మెత్తగా గుత్తిలా వచ్చేదాన్ని మళ్లీ తానే తినేస్తుంది, మనకి మిగిలేది ఈ గట్టిది. పచ్చి పేడలో 80 శాతం దాకా నీళ్లే, నత్రజని అర శాతం దగ్గరే ఉంటుంది. ఇందులో 2 శాతం పైనే, భాస్వరం కూడా బాగానే ఉంటుంది. పొటాష్ తక్కువ, కాబట్టి అరటికీ కొబ్బరికీ అది విడిగా ఇవ్వాల్సిందే.

కోళ్ల ఎరువు పచ్చిగా వేస్తే వేర్లు మాడిపోతాయని మనకి తెలుసు. కోడికి మూత్రం కూడా రెట్టలోనే కలిసి వస్తుంది, అదీ కారణం. కుందేలుకి రెండూ వేరు, అందుకే పెంటికలు మాగబెట్టకుండానే వేయొచ్చు. అయితే బోను కింద మూత్రంలో నాని, ముక్కు బద్దలయ్యేలా అమ్మోనియా ఘాటు కొడుతున్నవి మాత్రం మొక్కల దగ్గరికి తేవొద్దు. బోను కింద వాలుగా జాలీ పెడితే మూత్రం కారిపోతుంది, పెంటికలు పొడిగా జారి ఒక పక్కకి చేరతాయి.

12 అంగుళాల కుండీకి నెలకో గుప్పెడు చాలు. మొదలుకి తగలకుండా అంచు చుట్టూ చల్లి, పైమట్టి కాస్త కదిపి నీళ్లు పోయండి.

మన డెల్టా ఒండ్రుమట్టితో ఒక ఇబ్బంది ఉంది, బంకగా ఉండి వాన పడితే నీరు పట్టేస్తుంది, అందులో పెంటికలు కుళ్లి పురుగులు ముసురుతాయి. అందుకని ముసురు పట్టిన రోజుల్లో ఆపేయండి, ముందే మట్టిలో కడిగి ఆరబెట్టిన కొబ్బరి పొట్టు కలిపితే ఇంకా మంచిది.

పచ్చిగా తినే వాటి దగ్గర చాలా జాగ్రత్త. నేలకి తగిలే దోస, క్యారెట్ లాంటివాటికి కోతకి 120 రోజుల ముందే వేసి ఆపేయాలి. కొత్తిమీర 40, 45 రోజుల్లోనే కోసేస్తాం కాబట్టి దానికి పచ్చి పెంటికలు అసలు వద్దు, పేడ, ఎండుటాకులతో కుప్ప వేసి, అది బాగా వేడెక్కి మాగాకే చల్లండి.