సుగ్గికి పోకముందే నాలుగు మాటలు

(కర్నూలు జిల్లా పడమటి మండలంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో, దసరా సెలవుల తర్వాత జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో ప్రధానోపాధ్యాయురాలి ప్రసంగ పాఠం. సుగ్గి అంటే కూలి పనులకు ఊరు విడిచి వలసపోవడం.)

అందరికీ నమస్కారం. సర్పంచ్ గారు, పేరెంట్స్ కమిటీ చైర్మన్ గారు, పెద్దలు చాలామంది వచ్చారు. ఒక్కొక్కరి పేరు చదివితే పావుగంట పోతుంది, చదవకపోతే కోపాలొస్తాయి. కాబట్టి అందరికీ కలిపి ఒకే నమస్కారం. వెనక నిలబడిన అక్కలు వరండా మెట్ల మీద కూర్చోండి, అక్కడ నీడ ఉంది. ఈ రోజు కూలి వదులుకుని వచ్చారని నాకు తెలుసు. అందుకే తొందరగా ముగిస్తాను. ముగిస్తానని ప్రతిసారీ అంటానులెండి.

ఈ కాగితంలో దసరా నుంచి సంక్రాంతి దాకా బడిలో ఏం జరుగుతుందో వరసగా రాసుకొచ్చాను. మొదటిది భోజనం. 2025 జూన్ నుంచి సన్నబియ్యం వస్తున్నాయి, పిల్లలు అన్నం పారేయడం బాగా తగ్గింది. వారానికి అయిదు గుడ్లు, మూడు రోజులు రాగిజావ, మూడు రోజులు చిక్కీ. జావ వద్దని మూతి తిప్పే పిల్లలున్నారు, ఇంట్లో కాస్త చెప్పండి. జొన్నరొట్టె తిని పెరిగిన ఊరు మనది, రాగిజావకు మూతి తిప్పితే ఎట్లా?

రెండోది బూట్లు. కిట్‌లో ఇచ్చిన బూట్లు పిల్లల కాళ్లకు కనబడటం లేదు. అడిగితే "పెట్టెలో పెట్టింది మా అమ్మ, పండగకు వేసుకోమంది" అంటారు. అమ్మా, ఎదిగే పిల్లల కాలు పండగ దాకా ఆగదు. ఇప్పుడే వేయించండి.

పండగంటే గుర్తొచ్చింది. దేవరగట్టు బన్నికి, అదే దసరా రాత్రి కర్రల ఉత్సవానికి, మన పిల్లలు ఎంతమంది పోయారో నాకు లెక్క తెలియదు కానీ, సోమవారం నాడు తలకు కట్టుతో ఒకడు, చేతికి కట్టుతో ఇంకొకడు వచ్చారు. ఏమైందిరా అంటే మెట్ల మీద పడ్డానన్నాడు. ఇద్దరూ ఒకే మెట్టు మీద పడ్డారంట. మాల మల్లేశ్వరస్వామి మీద మీకెంత భక్తి ఉందో నాకూ అంతే ఉంది. ఉత్సవం చూడొద్దని నేననను. అర్ధరాత్రి కర్రలు తిరిగే చోటికి ఎనిమిదో తరగతి పిల్లవాణ్ణి నాన్నే భుజం మీద చెయ్యేసి తీసుకుపోతే, పొద్దున బడిలో నేను చెప్పే క్రమశిక్షణ వాడికి ఏం ఎక్కుతుంది? సరే, ఇది కాగితంలో లేదు.

మూడోది, పదో తరగతి నామినల్ రోల్స్, అంటే పరీక్షకు పంపే పిల్లల వివరాల జాబితా. పిల్లల పేరు, ఇంటిపేరు, పుట్టినతేదీ ఇప్పుడు ఏది రాస్తే రేపు మార్కుల మెమో మీద అదే వస్తుంది. ఆధార్‌లో ఒకటి, బడి రిజిస్టర్‌లో ఒకటి ఉన్నవాళ్లు ఈ వారంలోనే క్లర్క్ గారిని కలవండి. మన ఊళ్లో లక్ష్మి, లక్ష్మీ, లచ్చిమి ముగ్గురూ ఒకే పిల్ల. ఆ గొడవ పరీక్ష ముందు పెట్టుకోవద్దు. సమ్మెటివ్ వన్ పరీక్షలు నవంబర్‌లో ఉంటాయి, టైమ్‌టేబుల్ నోటీసు బోర్డులో పెడతాం.

నాలుగోది హాజరు.

ఇక్కడ కాగితం పక్కన పెడతాను. ఎందుకంటే మిగతావన్నీ ఈ ఒక్కదాని కిందే ఉన్నాయి. పిల్ల బడిలో లేనప్పుడు బూట్లెందుకు, గుడ్డెందుకు, నామినల్ రోల్ ఎందుకు?

సెలవులయ్యాక బడి తెరిచిన రోజున తొమ్మిదో తరగతి గదిలోకి వెళ్లాను. వెనక రెండు బెంచీల్లో ఎవరూ లేరు. వీళ్లేరీ అంటే ముందు బెంచీ పిల్ల ఏమందో తెలుసా? "సుగ్గికి పోయినారు మేడమ్." ఊరికి పోయారన్నంత మామూలుగా చెప్పింది. కొందరు గద్వాల దిక్కు పత్తికి, కొందరు గుంటూరు దిక్కు. మిరప కోతలకు సంక్రాంతి ముందో తర్వాతో ఇంకో విడత పోతుంది. వచ్చేది మళ్లీ ఉగాదికి.

మీరెందుకు పోతున్నారో నాకు చెప్పక్కర్లేదు. నేనూ ఈ ఎర్రనేల మీదే పుట్టాను. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, హొళగుంద, ఎటు పోయినా ఇదే కథ. తుంగభద్ర మన పక్కనే పోతుంది, దిగువ కాలువ చివరికొచ్చేసరికి తడి కూడా మిగలదు. 2024 ఆగస్టులో డ్యామ్ పందొమ్మిదో గేటు కొట్టుకుపోయిన రాత్రి మీలో ఎంతమందికి నిద్ర పట్టిందో చెప్పండి. వాన పడితే పంట, పడకపోతే అప్పు. పంట వచ్చినా ఆదోని మార్కెట్లో రేటు లేకపోతే అప్పే. పెద్దవాళ్లు పోవద్దని చెప్పడానికి నేనెవరిని? మీ నాలుగు నెలల కూలి నా మాటలతో రాదు.

నేనడిగేది పిల్లల గురించి మాత్రమే.

ఒక పిల్ల సంగతి చెప్తాను. పేరు చెప్పను, మీరూ చెప్పొద్దు. ఎనిమిదో తరగతిలో ఉండగా తల్లిదండ్రులతో మిరప కోతలకు పోయింది. పోయేటప్పుడు లెక్కల నోట్‌బుక్ సంచిలో పెట్టుకుంది, అక్కడ చదువుకుంటానని. ఉగాదికి తిరిగొచ్చాక ఆ నోట్‌బుక్ తెమ్మన్నాను. ముందు సగంలో మా లెక్కల సార్ చెప్పిన బీజగణితం, అందమైన రాత, ఎర్ర ఇంకుతో టిక్కులు. నడిమి పేజీ నుంచి వేరే లెక్క మొదలైంది. తారీకు, దాని పక్కన అమ్మ 30, నాన్న 27, నేను 24. అన్నీ కిలోలు. దాని పక్కన ఇంకో గడి గీసి "తరుగు" అని రాసుకుంది. పేజీ తిప్పితే వాళ్ల ముఠాలో ఉన్న అన్ని ఇళ్ల లెక్క. చదువొచ్చింది ఆ పిల్ల ఒక్కదానికే కాబట్టి అందరి కిలోలూ తనే రాసింది. కాగితానికి మిరప ఘాటు ఇంకా పోలేదు, నాకు తుమ్ములొచ్చాయి.

ఆఖరు పేజీలో ఏముందంటే, కూలీల ముఠా కట్టి తీసుకుపోయే మేస్త్రీ బస్తాకు కోసిన తరుగు మొత్తం కూడింది. శాతం కట్టింది. ముందు చెప్పిన తరుగెంత, కోసిందెంత, తేడాకు రూపాయలెంత అని తేల్చింది. ఆ కాగితం చూపించి వాళ్ల నాన్న మేస్త్రీని నిలదీస్తే, ముఠా మొత్తానికి తేడా డబ్బు వచ్చింది. ఆయన నాకు చెప్పేటప్పుడు ఎంత గర్వపడ్డాడో! "మా పిల్ల లెక్క కట్టి పట్టింది మేడమ్" అని. నాకూ గర్వమే. శాతాలు చెప్పింది మా సారే కదా.

అయితే అదే పిల్ల పేరున ఒక హాల్‌టికెట్ నా బీరువాలో ఉండిపోయింది. ఎన్ఎంఎంఎస్ అని ఎనిమిదో తరగతి పిల్లలకు పెట్టే స్కాలర్‌షిప్ పరీక్ష. మామూలుగా డిసెంబర్‌లో జరుగుతుంది. అప్పటికి తను ఇక్కడ లేదు. అందులో ఎంపికైన పిల్లకు తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా, ఏడాదికి 12,000 రూపాయలు బ్యాంకులో పడతాయి. నాలుగేళ్లకు 48,000. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షల లోపు ఉండాలి. మన ఊళ్లో ఎవరికి దాటుతుంది? సర్పంచ్ గారు నవ్వుతున్నారు, ఆయనకు దాటుతుందేమో.

ఇది చెప్తే ఆ నాన్న ఒక ప్రశ్న వేశాడు. "రాస్తే తప్పకుండా వస్తుందా మేడమ్?" మంచి ప్రశ్న. తప్పకుండా వస్తుందని నేను అబద్ధం చెప్పలేదు. పోటీ పరీక్ష, రాకపోవచ్చు. కానీ మిరప చేనులో కిలో రేటు మాత్రం తప్పకుండా వస్తుందా? అది రాకపోయినా ఏటా పోతూనే ఉన్నారు కదా. ఇక్కడ ఒక్కసారి ఆగి చూడమంటున్నాను.

ఆ పిల్ల తొమ్మిదిలో మళ్లీ పోయింది. పదికి రాలేదు. ఆ సంగతి ఇక్కడితో ఆపేస్తాను.

పదో తరగతి వాళ్లకు ఇంకో మాట. త్రికోణమితి చెప్పేది ఈ చలి నెలల్లోనే. ఉగాదికి వచ్చి ఏం రాస్తారు? పరీక్షలు మార్చిలోనే మొదలవుతాయి. ఫీజు కట్టాం కదా, పరీక్ష నాటికి తీసుకొస్తాం అని కొందరంటారు. బస్సు దిగి నేరుగా పరీక్ష హాల్లోకి వచ్చిన పిల్లవాడి మొహం నేను చూశాను. ప్రశ్నపత్రం వంక కాదు, కిటికీ వంక చూస్తుంటాడు. ఆ టెన్షన్ మీ పిల్లకు వద్దు.

ఇప్పుడు ఒక పని చేద్దాం. దీపావళి తర్వాత పోయే ఇళ్లవాళ్లు చేతులెత్తండి. భయపడకండి, నేనేం నోటీసులివ్వను. ఎత్తండి. ...ఇన్ని చేతులా. సరే, దించండి. పిల్లల్ని ఇక్కడే వదిలిపోయేవాళ్లు మాత్రం ఎత్తండి ఇప్పుడు. ...ఊఁ.

ఎందుకు వదలరో కూడా నాకు తెలుసు. చిన్నదాన్ని ఎత్తుకోవడానికి పెద్దది కావాలి. అన్నం వండడానికి కావాలి. ముసలామె దగ్గర వదిలితే ముసలామెనే చూసుకోవాల్సిన పరిస్థితి. ఆడపిల్లయితే రాత్రి ఎవరు కాపలా? తప్పుడు భయాలని నేననను, ఆడపిల్ల తల్లినే కదా నేనూ.

దీనికే సీజనల్ హాస్టల్ అని ఉంది. సమగ్ర శిక్ష కింద నడుస్తుంది. సుగ్గికి పోయినవాళ్ల పిల్లలకు రాత్రి పడక, మూడు పూటలా తిండి, సాయంత్రం చదివించడానికి ఒక మనిషి. అయితే దీంతో నాకున్న గొడవ ఒకటి చెప్పాలి, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. జాబితా మనం పంపుతాం. అది ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు పోతుంది. అక్కడ ఒక కాలమ్ తప్పని వెనక్కొస్తుంది. మళ్లీ పంపుతాం. మంజూరు కాగితం నా టేబుల్ మీదికి వచ్చేసరికి మీరు బొలెరో ఎక్కి గుంటూరు చేరి ఉంటారు. అప్పుడు అధికారులు వచ్చి "పిల్లలేరీ, హాస్టల్ అక్కర్లేదన్నమాట" అంటారు. ఎక్కడనుంచి తేను పిల్లల్ని? మేస్త్రీ దసరా రోజే అడ్వాన్స్ చేతిలో పెడతాడు. వాడికున్న తొందర మనకు లేకపోతే ఎట్లా?

మేస్త్రీలు కూడా ఉన్నారు ఇక్కడ. ఆ చెట్టు కింద ఇద్దరు, నేను చూశాను. తల దించుకోకండి, మీరూ మన ఊరివాళ్లే, మీ పిల్లలూ ఈ బడిలోనే ఉన్నారు. ఇంకా విచిత్రం, మీ పిల్లలు మాత్రం రోజూ బడికి వస్తారు. ముఠా కట్టేటప్పుడు పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని లెక్కలో వేసుకోవద్దు. చట్టం ఒప్పుకోదు, అది మీకూ తెలుసు. కేసులు పెట్టించే పని నాకు వద్దు. మీరే వద్దంటే తల్లిదండ్రులు వింటారు, నా మాటకన్నా మీ మాటే ఎక్కువ వింటారు.

సర్పంచ్ గారూ, ఈసారి జాబితాతో పాటు పంచాయతీ తీర్మానం కూడా కావాలి నాకు. మన ఊరికి హాస్టల్ దీపావళి లోపే తెరవాలని రాసి, అందరి సంతకాలతో ఇవ్వండి. హెడ్‌మిస్ట్రెస్ ఉత్తరం ఒక మూల పడి ఉంటుంది. ఊరు సంతకం పెట్టిన కాగితాన్ని పక్కన పెట్టడానికి ఎవరైనా ఒక్క నిమిషం ఆలోచిస్తారు. ఆడపిల్లల గదికి రాత్రి కాపలాగా మన ఊరి అక్కలే ఇద్దరు ఉండేటట్టు కూడా అందులోనే అడుగుదాం. మంజూరు ఆలస్యమైతే ఆ నాలుగు రోజులు ఎవరింట్లో పడుకుంటారో ఇప్పుడే అనుకోవాలి. పేరెంట్స్ కమిటీ వాళ్లు దీని గురించి ఇక్కడే మాట్లాడండి, నేను కూర్చుని వింటాను.

మిగిలిన రెండు అంశాలు, మరుగుదొడ్ల నీళ్ల ట్యాంకు, నవంబర్ 14న పిల్లల ఆటలపోటీలు. ట్యాంకు వారంలో బాగవుతుందన్నారు. ఆటలకు అందరూ రండి.

రిజిస్టర్ ఆ బల్ల మీద ఉంది. ఎడమ వైపు పేజీలో హాస్టల్ కావాలన్నవాళ్లు, కుడి వైపు ఇంట్లో అవ్వ దగ్గర వదిలేవాళ్లు. పిల్ల పేరు, తరగతి, మీ ఫోన్ నంబరు, అక్కడ పనిచేసే చోట ఇంకెవరిదైనా నంబరు ఉంటే అదీ. రాయడం రానివాళ్లకు తొమ్మిదో తరగతి పిల్లలు రాసి పెడతారు. కంది పప్పు, గుడ్డు కూర అయ్యాయి, తిని పోండి. ముందు పేరు రాయించండి, తర్వాత భోజనం. ఆ చెట్టు కింది అన్నలు కూడా.