రాత్రి చదివింది పొద్దునకు ఎందుకు నిలవలేదు? మానసిక చికిత్స మందులు, వైద్య విద్యార్థి జ్ఞాపకశక్తి

(తెరపై: తెల్లకాగితం మీద పెన్సిలుతో సగం వరకు గీసి ఆపేసిన బ్రేకియల్ ప్లెక్సస్ బొమ్మ.)

నమస్కారం. మెడ నుంచి చేతికి దిగే నరాల అల్లికను చూపే ఈ బొమ్మను గీయకుండా ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం దాటినవారు ఉండరు. ఐదు రూట్లు, మూడు ట్రంకులు, ఆరు డివిజన్లు సరిగానే ఉన్నాయి. ఆ తర్వాతి దశ నరాల కట్టలైన కార్డుల దగ్గరకు వచ్చేసరికి పెన్సిలు ఆగిపోయింది. నేను శ్రీకాకుళంలో ఫార్మకాలజీ, అంటే మందుల శాస్త్రం బోధిస్తున్నాను. నేను మెంటార్‌గా ఉన్న ఒక అమ్మాయి ఈ కాగితాన్ని నా బల్ల మీద పెట్టి, "మేడమ్, రాత్రి దీన్ని చూడకుండా ఐదుసార్లు గీశాను, పొద్దున లేచేసరికి ఇంతవరకే వచ్చింది, నేను వేసుకుంటున్న మాత్రల వల్లే బుర్ర మొద్దుబారిపోతోందా?" అని అడిగింది. ఆమె అనుమతితోనే దీన్ని మీకు చూపిస్తున్నాను.

డిప్రెషన్, ఆందోళన తగ్గడానికి ఆమె పొద్దున ఎస్సిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాములు, రాత్రి క్లోనజిపామ్ 0.5 మిల్లీగ్రాములు వాడుతోంది. ఆ మాత్రలు మానేస్తే అన్నీ సర్దుకుంటాయని హాస్టల్లో స్నేహితులు చెప్పారట. వాటి వల్ల చదువుకు ఏ ఇబ్బందీ ఉండదని కొట్టిపారేయడం కూడా నా దృష్టిలో అంతే తప్పు, ఎందుకంటే ఆమె అనుమానంలో కొంత నిజం ఉంది.

ముందుగా నేను ఆమెను అడిగింది మాత్రలు మొదలుపెట్టక ముందు సంగతి. అప్పుడు ఒకే పేజీని నాలుగుసార్లు చదివినా ఏమీ తలకెక్కేది కాదని, లెక్చర్ హాల్లో కూర్చున్నా మనసు అక్కడ ఉండేది కాదని చెప్పింది. ఏకాగ్రత కుదరకపోవడం డిప్రెషన్‌ను గుర్తించే లక్షణాలలోనే ఒకటి. కాబట్టి మతిమరుపు మొత్తాన్నీ మందు ఖాతాలో వేయలేము.

(తెరపై: గడియారం. రాత్రి 9 నుంచి 1 వరకు ముల్లు తిరుగుతుంది.)

ఇక మందు వాటా ఎంతో చూద్దాం. క్లోనజిపామ్ మెదడులో గాబా అనే రసాయనం చేసే పనిని బలపరచి నరకణాల ఉద్రేకాన్ని తగ్గిస్తుంది. ఆందోళన అణగడానికి కారణం అదే. కొత్త విషయాన్ని జ్ఞాపకంగా మలిచే హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం పని మందగించడానికి కారణమూ అదే. ఇంతకుముందు నేర్చుకున్నది చెక్కుచెదరదు, మందు ప్రభావంలో ఉండగా నేర్చుకున్నది మాత్రం తడి పలక మీద సుద్దతో రాసినట్టు సరిగా నిలవదు. ఈ అమ్మాయి తొమ్మిదింటికి మాత్ర వేసుకుని ఒంటిగంట దాకా చదువుతోంది, అంటే బొమ్మను ఐదుసార్లు గీసింది సరిగ్గా ఆ గంటల్లోనే. పైగా ఈ మందు పరిమాణం శరీరంలో సగానికి తగ్గడానికి సుమారు 30 నుంచి 40 గంటలు పడుతుంది కనుక, మర్నాడు డిసెక్షన్ హాల్లో నిలబడినప్పుడు కూడా కొంత మత్తు ఉండవచ్చు. దీనికి తోడు నిద్ర ఐదు గంటలే. చదివింది స్థిరపడేది నిద్రలోనే అయినప్పుడు, ఆ నష్టాన్ని కూడా విడిగా లెక్కించాలి.

ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ వంటి డిప్రెషన్ మందులు సాధారణంగా జ్ఞాపకశక్తిని దెబ్బతీయవు; కొందరికి మాత్రం సంతోషం, దుఃఖం రెండూ చప్పబడినట్టు అనిపిస్తుంది. పాతతరం డిప్రెషన్ మందు అమిట్రిప్టిలిన్, కొన్ని మానసిక మందుల వల్ల వచ్చే వణుకు, బిగుసుకుపోవడం తగ్గడానికి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ సంగతి వేరు. అవి జ్ఞాపకానికి అవసరమైన అసిటైల్‌కోలిన్ అనే మెదడు రసాయనాన్ని అడ్డుకుంటాయి, నోరు ఎండేలా చేస్తాయి, దగ్గరి అక్షరాలను మసకబారుస్తాయి. పుస్తకంలోని అక్షరం కంటికి ఆనకపోతే దాన్ని బుర్ర లోపమని పొరబడిన విద్యార్థులను నేను చూశాను.

లిథియం గురించి మన జిల్లావాళ్లకు ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. అతి ఉత్సాహం, డిప్రెషన్ మారిమారి వచ్చే బైపోలార్ రుగ్మతకు ఇది గట్టి మందు; 1949లో ఆస్ట్రేలియా మానసిక వైద్యుడు జాన్ కేడ్ దీని ఉపయోగాన్ని ప్రకటించారు. ఆలోచన కాస్త నెమ్మదించిందని దీన్ని వాడేవారిలో కొందరు చెబుతారు. అయితే ఆ మందకొడితనం లిథియం వల్ల థైరాయిడ్ తగ్గినందువల్ల కావచ్చు, రక్తంలో మందు మోతాదు పెరిగినందువల్ల కూడా కావచ్చు. ఈ మందు దాదాపు అంతా మూత్రపిండాల ద్వారానే బయటకు పోతుంది. కవిటి, సోంపేట, కంచిలి, పలాస వంటి ఉద్దానం మండలాల్లో కిడ్నీ వ్యాధి ఎన్ని ఇళ్లను కుంగదీసిందో మనకు తెలుసు. అక్కడి నుంచి వచ్చిన విద్యార్థికి లిథియం రాస్తే, ఊరు పేరు, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉన్న సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. కిడ్నీల పనితీరును చెప్పే క్రియాటినిన్, థైరాయిడ్, రక్తంలో లిథియం పరీక్షలను వాయిదా వేయకూడదు. ఎండలో ఒంట్లో నీరు తగ్గినా, తలనొప్పికో ఒళ్లునొప్పులకో సొంతంగా ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ వేసుకున్నా లిథియం ప్రమాదకర స్థాయికి చేరవచ్చు.

(తెరపై: మాత్రల అట్ట, పక్కనే పరీక్షల టైంటేబుల్.)

పరీక్షలకు వారం ముందు మాత్రలు ఆపేసే అలవాటు నన్ను నిజంగా భయపెడుతుంది. క్లోనజిపామ్‌ను హఠాత్తుగా ఆపితే నిద్ర పూర్తిగా చెదరిపోవచ్చు, మూర్ఛలు కూడా రావచ్చు. ఎస్సిటాలోప్రామ్‌ను ఆపితే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు ఉండటం మొదలై, తర్వాత అసలు జబ్బే తిరగబెట్టవచ్చు. బయటపడితే పరువు పోతుందని డాక్టరు దగ్గరకు వెళ్లడానికే వెనుకాడేవారు తెలుసుకోవలసింది ఏమిటంటే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స వివరాల గోప్యతను రోగి హక్కుగా గుర్తించింది. ఎవరితోనైనా ముందు ఫోన్లో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు రాత్రయినా పగలయినా ఉచితంగా చేయవచ్చు.

నేను ఆ అమ్మాయి చేత పది రోజులపాటు ఒక నోటుపుస్తకంలో మాత్ర వేసుకున్న వేళ, చదివిన వేళ, నిద్రపోయిన గంటలు, మర్నాడు గుర్తున్నది రాయించాను. "మతిమరుపుగా ఉంది" అని నోటితో చెప్పినదానికన్నా ఆ పేజీలే డాక్టరుకు ఎక్కువ ఉపయోగపడ్డాయి. ఆయన ఎస్సిటాలోప్రామ్‌ను అలాగే ఉంచి, క్లోనజిపామ్‌ను వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించారు. కష్టమైన పాఠాలను రాత్రి మాత్ర వేసుకున్నాక కాకుండా, నిద్ర చాలినంత పోయాక పొద్దున, సాయంత్రం చదవమన్నారు.

(తెరపై: అదే చేతిరాతతో మరో కాగితం.)

ఇది రెండు నెలల తర్వాత ఒక ఉదయం నా గదిలో కూర్చుని గీసింది. కార్డులు మూడూ వచ్చాయి, చివరి శాఖలు ఐదూ వచ్చాయి. మస్కులోక్యుటేనియస్ నరం పేరు దగ్గర మాత్రం కాసేపు తడుముకుని, రాసింది.