ఫోన్-ఇన్: వీణకో మైకు, గొంతుకో మైకు

వ్యాఖ్యాత: నమస్కారం. ఇంట్లోనే పాట రికార్డు చేసుకోవాలనుకునేవాళ్ల కోసం ఈ అరగంట. మనతో ఒక రికార్డింగ్ ఇంజనీర్ ఉన్నారు. మొదటి ఫోను బొబ్బిలి నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండి. నేను వీణ నేర్పుతుంటాను. పాఠాలు ఫోన్లో రికార్డు చేసి పంపిస్తుంటే గమకాలు సరిగా వినపడటం లేదంటున్నారు పిల్లలు. మా అబ్బాయేమో ఆడియో ఇంటర్‌ఫేస్ కొనమంటున్నాడు, మైకు శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే పెట్టె అట. 192 కిలోహెర్ట్జ్ ఉన్నదే కొనాలట. నా దగ్గర పదివేలున్నాయి.

ఇంజనీర్: ఆ 192 సంగతి మర్చిపోండమ్మా. సెకనుకి శబ్దాన్ని ఎన్ని వేలసార్లు కొలుస్తుందో చెప్పేది కిలోహెర్ట్జ్, ఒక్కో కొలత ఎంత సూక్ష్మమో చెప్పేది బిట్. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ మీకు ధారాళంగా సరిపోతుంది. ఈ రోజుల్లో చవక వాటిలోనూ అది దొరుకుతుంది. నాకు ఇంకోటి చెప్పండి. వీణ ఒక్కటేనా, వాయిస్తూ పాడతారా?

శ్రోత: పాడతానండి. విడివిడిగా చేస్తే ఆ కలయిక రాదు.

ఇంజనీర్: అయితే రెండు మైకులు పట్టేది కావాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలోకి రెండు ఇన్‌పుట్లు అని చూసి రెండు మైకులు పెట్టొచ్చనుకుంటారు. మైకుకి ఉన్నది ఒక్కటే, రెండోది గిటారు లాంటివాటికి. అదే కంపెనీ 2ఐ2 గానీ, బెరింజర్ యుఎంసి202హెచ్‌డి గానీ అయితే రెండు మైకులు పడతాయి.

శ్రోత: వీణకి అంటించి దాని అదురునే పట్టే పికప్ ఉందండి. కచేరీలకి అదే వాడతాను.

ఇంజనీర్: అరెరె, ముందే చెప్పకూడదూ! అలాగైతే సోలో కూడా పనికొస్తుంది. గొంతు మైకులోకి, పికప్ రెండోదాంట్లోకి, ఇన్‌స్ట్రుమెంట్ బటన్ నొక్కి. కానీ వినడానికి పికప్ శబ్దం తీగ మోతలాగే ఉంటుంది. వీణ కుండలోంచి వచ్చే నిండుదనం దానికి అందదు. బొబ్బిలి వీణ ఇంట్లో పెట్టుకుని పనసకర్ర నాదం వదులుకోమంటే నాకు మనసొప్పదు.

శ్రోత: (నవ్వుతూ) మాది గొల్లపల్లిలో చేయించిన, ఒకే దుంగలోంచి చెక్కిన ఏకాండి వీణండి. వదులుకోను.

ఇంజనీర్: అయితే రెండు మైకుల దారే. పదివేలల్లో ఇంటర్‌ఫేస్, రెండు మైకులు, స్టాండ్లు, వైర్లు అన్నీ రావు. అందుకని ఇంటర్‌ఫేస్ సెకండ్‌హ్యాండ్ చూడండి. కొనేముందు మైకు పెట్టి, గెయిన్, అంటే మైకు శబ్దాన్ని పెంచే నాబ్, మెల్లగా తిప్పుతూ వినండి. నాబ్ కరకరలాడితే వద్దు. 48 వోల్టుల బటన్ పనిచేస్తోందో లేదో కూడా చూడండి, అది లేకపోతే కండెన్సర్ మైకు, అంటే చిన్న శబ్దం కూడా పట్టే, కరెంటు కావలసిన మైకు, మోగదు. మిగిలిన డబ్బుతో ప్రస్తుతానికి ఒక్క కండెన్సర్ కొని, ఎదురుగా రెండడుగుల దూరంలో, గొంతుకీ కుండకీ మధ్య ఎత్తులో పెట్టండి. కింద కూర్చుంటారు కాబట్టి పొట్టి స్టాండు చాలు. గొంతుకి డైనమిక్ మైకు తర్వాత కొనొచ్చు, దానికి 48 వోల్టులు అక్కర్లేదు.

శ్రోత: హాల్లో కూర్చోవచ్చా?

ఇంజనీర్: టైల్స్ వేసిన ఖాళీ హాలా? వద్దమ్మా. బీరువా, పరుపులు, బట్టలు ఉన్న గదిలో కూర్చోండి. ఫ్యాను ఆపాలి. కుక్కరు విజిల్ కూడా కండెన్సర్‌కి వినపడుతుంది. శ్రుతి హెడ్‌ఫోన్లలో పెట్టుకుంటే మైకులోకి రాదు.

వ్యాఖ్యాత: కరీంనగర్ నుంచి మరో ఫోను. చెప్పు తమ్ముడూ.

శ్రోత: నమస్తే అన్నా. నేను ఇంటర్‌ఫేస్ కొన్న. పాడుతుంటే నా గొంతు హెడ్‌ఫోన్లల్ల కొంచెం ఆగి వినిపిస్తుంది. పైనుంచి ఒకటే గుయ్యిమని సౌండ్. దుకాణంల అడిగితే ఇంకా పెద్దది కొనుక్కోమన్నరు. టెన్షన్ అయితుంది.

ఇంజనీర్: ఆగు, ఏమీ కొనకు. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ అని ఉందా? అది ఆన్ చెయ్. నీ గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లి రాకుండా నేరుగా చెవికి వస్తుంది. బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో పోగేసుకునే శబ్దం కొలతలు, ఎంత పెట్టావు?

శ్రోత: 1024 అన్నా.

ఇంజనీర్: 48 కిలోహెర్ట్జ్ దగ్గర అది 21 మిల్లీసెకన్లు. వెళ్లిరావడానికి దానికి రెట్టింపు పైనే. 128 పెడితే ఒకవైపుకి మూడు కూడా ఉండదు. విండోస్ అయితే ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఏఎస్ఐఓ డ్రైవరే, అంటే ఈ ఆలస్యం తగ్గించే సాఫ్ట్‌వేరే, వాడు. ఏం రికార్డు చేస్తావు?

శ్రోత: పాట, డప్పు. డప్పు కొడితే పగిలినట్టు వస్తుంది.

ఇంజనీర్: గెయిన్ ఎక్కువైంది. గట్టి దెబ్బ కూడా మీటర్లో మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా తగ్గించు. 24 బిట్‌లో తర్వాత పెంచుకున్నా ఏమీ పోదు. ఇప్పుడు ఆ గుయ్యి సంగతి. ల్యాప్‌టాప్‌కి చార్జర్ పెట్టి ఉందా? తీసి చూడు.

శ్రోత: ఒక్క నిమిషం అన్నా... ఆగింది! మొత్తం ఆగింది!

ఇంజనీర్: చూశావా. అది ఇంటర్‌ఫేస్ లోపం కాదు, చార్జర్, ఎర్తింగ్ తిరకాసు. ఎర్త్ సరిగా ఉన్న ప్లగ్గులో పెట్టి చూడు. అప్పటిదాకా బ్యాటరీ మీద చేసుకో.

శ్రోత: బ్యాటరీ అరగంట కూడా వస్తలేదన్నా.

ఇంజనీర్: అరగంటలో ఒక పాట కాదా ఏంటి?