టార్చిలైటు చేతికిచ్చి చీకట్లోకి పంపిన ఎగ్జిబిషన్

అందరికీ నమస్కారం అండి. ఈ వారం సినిమా లేదు, సిరీస్ లేదు. 1938 జనవరి 17 రాత్రి పారిస్‌లో సర్రియలిస్టులు, అంటే కలల్లోంచి, మనసు అడుగు పొరల్లోంచి కళ రావాలన్న ఆర్టిస్టులు, ఒక గ్యాలరీలో ఎగ్జిబిషన్ ఓపెనింగ్ చేశారు, దాన్ని రివ్యూ చేస్తున్నాను. నాకు దొరికినవి ఫోటోలు, అప్పటివాళ్లు రాసిపెట్టిన మాటలే, అయినా ఎన్నాళ్లుగానో అది నా బుర్రలో తిరుగుతూనే ఉంది.

గ్యాలరీ పేరు బోజార్. రాత్రి పదింటికి రమ్మని, పార్టీ బట్టల్లో రమ్మని కార్డు మీదే వేశారు. జనం పెళ్లికి తయారైనట్టు తయారై వచ్చారు. వచ్చేసరికి వాకిట్లో వాళ్లలో ఒకడైన పెయింటర్ సాల్వడార్ డాలీ పెట్టిన పాత టాక్సీ ఒకటి ఉంది. బయట కాదు, కారు లోపల వాన పడుతోంది. డ్రైవర్ బొమ్మకి సొరచేప తల. వెనక సీట్లో గౌను వేసుకున్న ఆడబొమ్మ, ఆ బొమ్మ మీద పాకుతున్నవి మాత్రం ప్రాణమున్న నత్తలు.

లోపల పెద్ద హాల్లో మార్సెల్ డుషాం పైకప్పుకి 1,200 బొగ్గు బస్తాలు వేలాడదీశాడు. వాటిలో కుక్కింది కాగితాలే, కానీ కింద నిలబడ్డవాళ్లకి ఆ సంగతేం తెలుసు, నెత్తిమీద పడతాయేమోననే గుబులుతోనే బొమ్మలు చూడాలి. కాళ్ల కింద ఎండుటాకులు, మధ్యలో నీటి గుంట, మూలల్లో మంచాలు, ఎక్కడినుంచో కాఫీ గింజలు వేగుతున్న వాసన. లైట్లు లేవు. మాన్ రే ఐడియా ప్రకారం వచ్చినవాళ్ల చేతికి టార్చిలైటు ఇచ్చారు, పెయింటింగ్ కనపడాలంటే మీరే దగ్గరికెళ్లి వెలుగు వేసుకోవాలి.

ఈ హంగామా అంతటి వెనకా ఉన్న మనిషి ఫ్రాయిడ్, మనకే తెలియకుండా మనసులో దాగినవాటిని రోగిని సోఫా మీద పడుకోబెట్టి మాట్లాడించి బయటికి లాగే సైకోఅనాలిసిస్ మొదలుపెట్టిన వియన్నా డాక్టర్. సర్రియలిస్టుల నాయకుడు ఆంద్రే బ్రెతాన్ 1921లో వియన్నా వెళ్లి మరీ ఆయన్ని కలిశాడు, పెద్దాయన పెద్దగా పట్టించుకోలేదు. ఫ్రాయిడ్‌కి ఇష్టమైనవి పురాతన విగ్రహాలు. టేబుల్ నిండా అవే, అందులో 1931లో ఆయన 75వ పుట్టినరోజుకి కలకత్తా సైకోఅనలిటిక్ సంఘం పంపిన దంతపు విష్ణుమూర్తి కూడా ఒకటి.

మరి కళ గురించి ఆయన చెప్పిందంతా నిలబడిందా అంటే, లేదు. 1910లో లియొనార్డో డా విన్చి మీద రాసిన పుస్తకమే చూడండి. ఉయ్యాల్లో ఉన్నప్పుడు ఒక పక్షి వచ్చి తోకతో తన పెదాల మీద కొట్టిందని లియొనార్డో రాసుకున్నాడు. అది గద్ద. ఫ్రాయిడ్ చదివిన జర్మన్ అనువాదంలో రాబందు అయిపోయింది, ఆయన ఆ రాబందుని పట్టుకుని ఈజిప్టు తల్లి దేవత దాకా వెళ్లిపోయాడు. ఎప్పుడో చచ్చిపోయిన మనిషిని సోఫా మీద పడుకోబెట్టి జబ్బు చెప్పబోతే ఇలాగే అవుతుంది. సైకోఅనాలిసిస్ పేరు చెప్పి ఇప్పటికీ చాలామంది చేసేది ఇదే, ఫలానా ఆర్టిస్టుకి చిన్నప్పుడు ఏదో జరిగింది కాబట్టి ఎరుపు వాడాడు అని. నాకది అస్సలు నచ్చదు.

ఎగ్జిబిషన్ జరిగిన 1938లోనే, జులైలో, నాజీల నుంచి తప్పించుకుని లండన్ చేరిన ఫ్రాయిడ్‌ని డాలీ కలిశాడు. పాత మాస్టర్ల బొమ్మల్లో నేను అచేతనం (మనకే తెలియని లోపలి మనసు) కోసం వెతుకుతాను, మీ బొమ్మల్లో చేతనం (తెలిసి ఆలోచించే మనసు) కోసం వెతుకుతాను అని ఆయన అన్నట్టు తర్వాత డాలీయే చెప్పుకున్నాడు. గట్టి దెబ్బే అది. కావాలని, ప్లాన్ వేసుకుని గీసినదాన్ని మనసు అడుగు పొరల్లోంచి వచ్చిందని ఎలా అంటాం?

నా మట్టుకు నాకు అనిపించేది, ఆ రాత్రి అచేతనం గోడల మీద లేదు, టార్చి పట్టుకున్న చేతుల్లో ఉంది. చీకట్లో ఎవరి వెలుగు ఎటు పోయింది, దేని మీద ఆగింది, దేని మీద నుంచి చటుక్కున పక్కకి జరిగింది, ఇవి ఎవరూ ప్లాన్ వేసినవి కావు. అదే రాత్రి హెలెన్ వానెల్ డాన్స్ చేస్తూ ఆ గుంటలో గంతులేసింది. ఆ డాన్స్ పేరు ఫ్రెంచిలో ‘ఆక్త్ మాంకే’. మనం నోరు జారింది, చెయ్యి జారింది అంటామే, అలా జారినప్పుడే లోపలి మాట బయటపడుతుందని ఫ్రాయిడ్ చెప్పిన విషయానికి ఫ్రెంచివాళ్లు పెట్టుకున్న పేరే అది.

ఇక హాలుకి వెళ్లే దారిలో వరసగా నిలబెట్టిన షాపు బొమ్మలు. బట్టల షాపులో పక్కనున్న బొమ్మ భుజం తగిలితే సారీ అనేస్తాం, ఆ తర్వాత ఒక్క క్షణం ఒళ్లు ఝల్లుమంటుంది చూడండి, మనిషి కాదని తెలిసి కూడా. బాగా తెలిసిందే తెలియనిదై ఎదురుపడినప్పుడు పుట్టే ఆ జలదరింపు గురించే ఫ్రాయిడ్ 1919లో ఒక వ్యాసం రాశాడు. ఆంద్రే మాసన్ బొమ్మకైతే తల పక్షుల పంజరంలో ఉంది, నోటికి గుడ్డపట్టీ, సరిగ్గా నోరుండాల్సిన చోట ఒక పువ్వు.

నేను మార్కులు తగ్గించేది ఇక్కడే. కలలకి హద్దులుండవన్నారు సరే, ఆ కలలన్నీ మగవాళ్లవే, నోరు కట్టింది ఆడబొమ్మకే. అన్ని బొమ్మల్లో ఒక్కటి మాత్రం ఒక అమ్మాయి అలంకరించింది, సోనియా మోసె. యూదురాలు. 1943లో నాజీలు పట్టుకెళ్లి చంపేశారు. ఆ రాత్రి ఫోటోలు వెతికినప్పుడు మాసన్ బొమ్మే ముందు దొరుకుతుంది, ఇంకాస్త ఓపిక పట్టి సోనియా బొమ్మ దాకా వెళ్లండి.