ఈజిప్ట్ ఓడ బంగారం: ఎవరు మోశారు, ఎవరు తీశారు

సభకు నమస్కారం.

పీ అండ్ ఓ అనే ఇంగ్లీషు ఓడల కంపెనీ వారి 'ఈజిప్ట్' అనే స్టీమరు 1922 మే 19న లండన్ దగ్గరి టిల్‌బరీ రేవు నుంచి బొంబాయికి బయల్దేరింది. 1897లో కట్టిన ఓడ, టన్నేజీ దాదాపు ఎనిమిది వేలు. ప్రయాణికులు 44 మందే. సిబ్బంది మాత్రం 290 మందికి పైనే, వాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళు. ఇంగ్లీషు ఓడల్లో బొగ్గు వేసేవాళ్ళు, డెక్కు కడిగేవాళ్ళు, వంట చేసేవాళ్ళు, వడ్డించేవాళ్ళు చాలామంది అప్పట్లో ఇండియా నుంచి వెళ్ళినవాళ్ళే. వాళ్ళను లాస్కర్లు అనేవారు. గోవా నుంచి వెళ్ళినవాళ్ళూ చాలామంది ఉండేవారు.

ఓడ అడుగున, ఇనుప తలుపు ఉన్న ఒక ఇరుకు గదిలో 1,089 బంగారు కడ్డీలు, 1,229 వెండి దిమ్మెలు, 1,65,979 బంగారు సవరన్లు ఉన్నాయి. సవరన్ అంటే ఎనిమిది గ్రాముల బరువు, ఇరవై రెండు క్యారెట్లు. మన ఇళ్ళలో కాసు బంగారం అని లెక్కపెట్టేది ఆ తూకమే. మొత్తం విలువ ఆనాటి లెక్కలో పది లక్షల పౌండ్లు దాటింది. ఆ రోజుల్లో ఇండియాకు ఏటా లండన్ నుంచి ఇలా బంగారం వస్తూనే ఉండేది. బ్యాంకులకు కొంత, షరాబులకు కొంత, చివరికి పెళ్ళికూతుళ్ళ మెడల్లోకి కొంత.

మర్నాడు సాయంత్రం ఏడు గంటలప్పుడు, ఫ్రాన్స్ పడమటి కొసన, బ్రిటనీ తీరానికి దూరంగా దట్టమైన మంచు కమ్మింది. 'సేన్' అనే ఫ్రెంచి సరుకుల ఓడ ఆ మంచులోంచి వచ్చి ఈజిప్ట్ పక్కటెముకల్లోకి దూసుకుపోయింది. బాల్టిక్ సముద్రంలో మంచుగడ్డలను చీల్చుకుంటూ పోవడానికి దాని ముక్కును ప్రత్యేకంగా గట్టి చేశారు. దెబ్బ తగిలిన ఇరవై నిమిషాల లోపే ఈజిప్ట్ మునిగిపోయింది. పడవలు దించడానికి సరిగ్గా టైము దొరకలేదు, దొరికిన ఆ కాస్త టైములో గందరగోళం. మొత్తం 86 మంది చనిపోయారు. వాళ్ళలో ప్రయాణికులు 15 మంది, తక్కిన 71 మందీ సిబ్బందే.

తర్వాత జరిగింది నాకు ఇప్పటికీ మింగుడు పడదు. లండన్ పత్రికలు తప్పంతా ఇండియన్ సిబ్బంది మీదకు నెట్టాయి. భయపడి పడవల మీద ఎగబడ్డారని రాశాయి. విచారణ కోర్టు చూస్తే, పడవలు దించడంలో సిబ్బందికి సరైన తర్ఫీదే ఇవ్వలేదని తేలింది. ఆ బాధ్యత అధికారులదని చెప్పి, కెప్టెన్ సర్టిఫికెట్‌ను కొంతకాలం ఆపేసింది. కానీ పత్రికలు వేసిన మచ్చ పోవడానికి కోర్టు తీర్పు ఒక్కటీ సరిపోదు కదా. పొద్దస్తమానం బాయిలర్ దగ్గర బొగ్గు వేసే మనిషికి పడవ ఎలా దించాలో ఎవరూ నేర్పకుండా, మునిగే ఓడలో అతను ప్రశాంతంగా వరసలో నిలబడలేదని నిందించారు.

సరే, బంగారం సంగతి. దానికి లండన్‌లోని లాయిడ్స్ అనే బీమా మార్కెట్‌లో బీమా ఉంది. బీమావాళ్ళు సొమ్ము చెల్లించేశారు, దాంతో సముద్రం అడుగున ఉన్నది వాళ్ళదైంది. కానీ ఎక్కడుందో తెలియాలి కదా! ఈజిప్ట్ చివరిగా పంపిన వైర్‌లెస్ పిలుపును బట్టి తీరంలోని స్టేషన్లు దిక్కు లెక్కకట్టాయి, సేన్ కెప్టెన్ తన అంచనా తాను చెప్పాడు. ఇవేవీ ఒకదానితో ఒకటి పొసగలేదు. పైగా లోతు నాలుగు వందల అడుగులు. మామూలు రబ్బరు సూటు, రాగి టోపీ వేసుకున్న డైవరు అంత లోతుకు దిగి పనిచేయడం అప్పటికి అసాధ్యం. స్వీడన్ వాళ్ళు వెతికారు, ఫ్రెంచివాళ్ళు వెతికారు. దొరకలేదు.

1929లో ఇటలీకి చెందిన సోరిమా అనే కంపెనీ ఈ పని ఒప్పుకుంది. దాని యజమాని జొవాన్ని క్వాలియా. ఒప్పందం ఏమిటంటే, బంగారం పైకి వస్తే వాటా, రాకపోతే ఒక్క పైసా లేదు, ఖర్చులన్నీ వాళ్ళవే. వాళ్ళ ఓడ పేరు 'ఆర్తీల్యో'. పాత చేపల ఓడను ఈ పనికి మార్చుకున్నారు. డైవర్లు వియరెజ్జో అనే చిన్న రేవు పట్నం వాళ్ళు. పెద్ద డైవరు అల్బెర్టో జాన్ని, ఆయన కుడిఎడమలుగా అరిస్తీదే ఫ్రాంచెస్కి, అల్బెర్టో బార్జెల్లీని.

వెతికిన పద్ధతి రైతు పొలం దున్నినట్టే ఉంటుంది. రెండు ఓడల మధ్య పొడుగాటి ఇనుప తాడు కట్టి, దాన్ని సముద్రం అడుగున ఈడ్చుకుంటూ, వెతికిన చోటు గుర్తుకు బోయాలు, అంటే నీళ్ళ మీద తేలే గుర్తులు, పెట్టుకుని చాలు తర్వాత చాలు. తాడు దేనికో తగులుకుంటుంది, చూస్తే రాయి. ఇంకోసారి ఇంకేదో పాత ఓడ. మధ్యలో ఒక సన్యాసిని పిలిపించారు, ఆయన నీళ్ళు చూసే పుల్ల పట్టుకుని బంగారం దిక్కు చెప్పబోయాడు. అదీ అయింది. చివరికి 1930 ఆగస్టు 29న తాడు తగులుకున్నది ఈజిప్ట్‌కే. రుజువుగా కెప్టెన్ గదిలోని ఇనప్పెట్టెను పైకి తీశారు.

ఇక్కడ జాన్ని చేసిన పరికరం గురించి కొంచెం నింపాదిగా చెప్పాలి. మనిషి ఒక్కడు నిలబడగలిగినంత ఉక్కు గొట్టం. పైన బిగించే మూత, చుట్టూ దళసరి అద్దాల కిటికీలు. లోపల ఆక్సిజన్ సిలిండరు, వదిలిన ఊపిరిని పీల్చుకునే రసాయనం, ఒక టెలిఫోను. చేతులు లేవు, కాళ్ళు లేవు. ఉక్కు తాడుకు వేలాడదీసి కిందకు దించుతారు. లోపలి మనిషి ఏమీ పట్టుకోలేడు, కళ్ళతో చూసి ఫోనులో చెప్పడమొక్కటే అతని పని. "ఇంకో మీటరు ఎడమకు", "ఆపండి", "దించండి". పైనున్నవాళ్ళు అతని మాట ప్రకారం పేలుడు మందు దించుతారు, అతన్ని పైకి లాగి పేలుస్తారు, మళ్ళీ అతన్ని దించి, పీత కొండిలా పట్టుకునే ఉక్కు కొండితో చీలిన రేకులను ఎత్తేస్తారు. ఇలా ఒక్కొక్క అంతస్తూ ఒలుచుకుంటూ అడుగునున్న గది దాకా పోవాలి. అట్లాంటిక్ అలకు పైన ఓడ ఊగితే కింద గొట్టమూ ఊగుతుంది, ఓడ ఇనుముకు కొట్టుకుంటుంది. అందుకని సముద్రం కాస్త లేస్తే పని బంద్. ఏడాదిలో పని జరిగే రోజులు చాలా తక్కువ.

ఆ చలికాలం ఖాళీగా కూర్చోకుండా చిన్న పని ఒకటి పట్టుకున్నారు. క్విబరాన్ అఖాతంలో 'ఫ్లారెన్స్ హెచ్' అనే అమెరికా మందుగుండు ఓడ 1918లో మునిగింది, దాని శకలాలు తొలగించాలి. పన్నెండేళ్ళు ఉప్పునీళ్ళలో నానిన మందు చచ్చిపోయి ఉంటుందనుకున్నారు. మొదట్లో చాలా దూరం జరిగి పేల్చేవారు. ఏమీ కాకపోయేసరికి ఆ దూరం తగ్గించుకుంటూ వచ్చారు. 1930 డిసెంబర్ 7న ఆ మందంతా ఒక్కసారిగా అంటుకుంది. ఆర్తీల్యో ముక్కలైంది. జాన్ని, ఫ్రాంచెస్కి, బార్జెల్లీని ముగ్గురూ పోయారు, వాళ్ళతో పాటు సిబ్బందిలో చాలామంది పోయారు. ఈజిప్ట్‌ను కనుక్కున్న చేతులు దాని బంగారాన్ని ముట్టుకోలేదు.

సోరిమా ఆగలేదు. ఇంకో ఓడ కొని దానికీ ఆర్తీల్యో అనే పేరు పెట్టింది. వియరెజ్జో నుంచే కొత్త మనుషులు వచ్చారు. 1931 సీజనంతా డెక్కులు ఒలవడంతోనే సరిపోయింది. 1932 జూన్ 22న ఉక్కు కొండి విడిచిన చెత్తలో బంగారు సవరన్లు కనిపించాయి. ఆ తర్వాత కడ్డీలు. 1935 దాకా తీస్తూనే ఉన్నారు, దాదాపు మొత్తం బయటికి వచ్చింది. అందులో సగం సోరిమా వాటా.

ఇందులో మనకు నేరుగా సంబంధించిన సంగతి ఒకటుంది. ఆ శిథిలాల్లోంచి బంగారంతో పాటు కాగితాలు కూడా వచ్చాయి. అవి హైదరాబాద్ నిజాం ప్రభుత్వం నోట్లు. నిజాం సర్కారు 1918 నుంచి సొంత నోట్లు వేసింది, అవి ఇంగ్లండులో అచ్చై ఓడల్లో వచ్చేవి. ఆ నోట్ల మీద విలువ ఉర్దూ, ఇంగ్లీషులతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ లిపుల్లో కూడా ఉంటుంది. అంటే మన తెలుగు అక్షరాలు అట్లాంటిక్‌లో నాలుగు వందల అడుగుల లోతున పదేళ్ళు నాని, ఇటలీవాళ్ళ కొండిలో పైకి వచ్చాయి! అంత కాలం నీళ్ళలో ఉన్నా అచ్చు చదవగలిగేలా నిలిచింది. చలామణీకి పనికిరావు కాబట్టి చాలావాటిని జ్ఞాపికలుగా ఇచ్చారు, కొన్నిటి వెనక ఈజిప్ట్ ఓడ నుంచి తీసినవని ముద్ర కూడా ఉంటుంది. నాణేలు, నోట్లు సేకరించేవాళ్ళ దగ్గర ఇవి ఇప్పటికీ కనిపిస్తాయి.

బంగారం ఇండియాకు రాలేదు. వచ్చే అవసరమూ లేకపోయింది. 1931 సెప్టెంబర్‌లో బ్రిటన్ బంగారు ప్రమాణం, అంటే పౌండు విలువను ఇంత బంగారానికని కట్టిపెట్టే పద్ధతి, వదిలేసింది, పౌండ్లలో బంగారం ధర పెరిగింది. అదే సమయంలో ఆర్థిక మాంద్యం. పంటల ధరలు పడిపోయి, శిస్తు కట్టలేక, అప్పు తీర్చలేక మన రైతు కుటుంబాలు ఒంటి మీద బంగారం అమ్ముకున్నాయి. ఆ బంగారం ఓడలకెక్కి లండన్ వెళ్ళింది. 1922లో బంగారం ఏ దారిన ఇండియాకు బయల్దేరిందో, పదేళ్ళ తర్వాత అదే దారిలో వెనక్కి పోతోంది. ఈజిప్ట్ బంగారం పైకొచ్చిందని లండన్‌లో సంబరపడుతున్న రోజుల్లో ఇక్కడ పుస్తెలతాళ్ళు షరాబు తక్కెడలోకి వెళుతున్నాయి. ఈజిప్ట్ కథ చెప్పేవాళ్ళు ఈ సగం చెప్పరు. నాకు మాత్రం అది చెప్పకపోతే కథ పూర్తయినట్టనిపించదు.

చివరగా ఒక విన్నపం. మీ ఇళ్ళలో తాతల నాటి ట్రంకు పెట్టెల్లో నిజాం నోట్లు ఉంటే, మరకలు ఉన్నాయని కడగకండి, లామినేషన్ అసలే చేయించకండి. వెనక్కి తిప్పి ముద్ర ఏమైనా ఉందేమో చూడండి. ఉంటే మంచి ఫొటో తీసి, తెలిసినవాళ్ళకు చూపించండి. అలాగే మీ పూర్వీకుల్లో ఎవరైనా ఓడల్లో పనికి వెళ్ళినవాళ్ళుంటే వాళ్ళ పేరు, ఎక్కిన ఓడ పేరు ఇప్పుడే రాసి పెట్టండి, ఆ సంగతులు చెప్పగల పెద్దవాళ్ళు ఇంకా ఇంట్లో ఉండగానే. ఇక ప్రశ్నలు అడగండి.