దిగకపోవడం కూడా పైలట్ పనే
(ఒడిశాలోని జయపురంలో తెలుగువారి సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. మన జయపురానికి 2022 అక్టోబరులో తొమ్మిది సీట్ల విమానం వచ్చింది. అప్పటి నుంచి వానాకాలం వస్తే మనవాళ్ల నోట ఒకటే మాట: "నాలుగు చినుకులు పడితే చాలు, క్యాన్సిల్ అంటారు." విశాఖలో డాక్టరు అపాయింట్‌మెంట్ ఉన్నవాళ్లకు కోపం రాదా మరి? సాలూరు ఘాట్ మీదుగా బస్సులో ఒళ్లు హూనం చేసుకుని పోవాలి. అయినా సరే, క్యాన్సిల్ అన్న ఆ మనిషి తరఫున మాట్లాడదామనే వచ్చాను. మన రన్‌వేకు ఇచ్చిన లైసెన్సే కళ్లతో చూస్తూ దిగే పద్ధతికి. చుట్టూ కొండలు. మబ్బు కిందికి దిగితే పైలట్‌కు ఏం కనపడుతుంది?

2020 ఆగస్టు 7 సాయంత్రం కోజికోడ్. దుబాయ్ నుంచి 190 మందితో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం వచ్చింది. జోరు వాన. మొదటిసారి దిగబోతుంటే కెప్టెన్ వైపు వైపర్ ఆగిపోయింది. రన్‌వే కనపడక మళ్లీ పైకి లేపారు. అక్కడిదాకా చేసింది సరైన పనే. రెండోసారి అటు చివర నుంచి వచ్చారు, గాలి వెనక నుంచి తోస్తుంటే. రన్‌వే పొడవు 2,700 మీటర్లు. చక్రాలు నేలను తాకేసరికి అందులో సగం వెనకబడిపోయింది. కో-పైలట్ "గో అరౌండ్" అన్నాడు, అంటే మళ్లీ పైకి లేపమని. కెప్టెన్ లేపలేదు. అది టేబుల్‌టాప్ రన్‌వే, అంటే కొండ మీద చదును చేసి వేసింది. విమానం దాని చివర దాటి కిందపడి ముక్కలైంది. పైలట్లిద్దరితో సహా 21 మంది పోయారు. మర్నాడు పొద్దున కోజికోడ్ నుంచి ఇంకో విమానం నడపాల్సింది ఆ కెప్టెనే. అక్కడే దిగాలన్న పట్టుదలకు అదీ ఒక కారణమని దర్యాప్తు నివేదికలో ఉంది. అది చదివినప్పటి నుంచి నాకు మింగుడుపడడం లేదు.

ఇంటర్ ఫిజిక్స్ చదివే పిల్లలకు ఒక లెక్క. దిగే వేగం పది శాతం పెరిగితే, బ్రేకులు మింగాల్సిన శక్తి ఇరవై ఒక్క శాతం పెరుగుతుంది. పైగా రన్‌వే మీద నీళ్లుంటే, వేగంగా తిరిగే టైరు వాటిని పక్కకు నెట్టలేక వాటి మీదికే ఎక్కి తేలుతుంది. హైడ్రోప్లేనింగ్ అంటారు. అప్పుడు బ్రేకు తొక్కినా తడి గచ్చు మీద అరిగిన హవాయి చెప్పు లాంటిదే. అందుకే వానలో మంచి పైలట్ విమానాన్ని కాస్త దబ్బున దించుతాడు. చక్రాలు నీటి పొరను చీల్చుకుని నేలను పట్టాలి. రెక్కల మీద స్పాయిలర్లు అనే పలకలు వెంటనే లేచి బరువంతా చక్రాల మీద పడాలి. 1999 జూన్ 1న అమెరికాలోని లిటిల్ రాక్‌లో, ఉరుముల వానలో దిగిన విమానానికి స్పాయిలర్లు లేవలేదు. 11 మంది చనిపోయారు. మనమేమో నడుం అదిరితే పైలట్‌ను తిట్టుకుంటాం, మెత్తగా దించితే చప్పట్లు కొడతాం!

మబ్బుల్లోంచి దిగేటప్పుడు వెయ్యి అడుగుల ఎత్తుకు వచ్చేసరికి వేగం, దిగే వాలు, రెక్కల వెనక అంచున కిందికి వంగే ఫ్లాప్‌లు అన్నీ కుదిరి ఉండాలి. కుదరకపోతే గో అరౌండ్. కానీ విమాన భద్రత మీద పనిచేసే ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ అనే సంస్థ లెక్క ప్రకారం, అలా కుదరనప్పుడు పైకి లేపేది నూటికి మూడుసార్లే. మిగతావాళ్లు దిగిపోతున్నారు. చాలావరకు ఏమీ కాదు కాబట్టి అదే అలవాటైపోతోంది. లోపల కూర్చుని "ఇంకా ఎంతసేపు తిప్పుతారు?" అని గొణిగే మనకు ఇందులో వాటా లేదంటారా?

ఇంకొక్క మాట. 2005 ఆగస్టు 2న టొరంటోలో ఇలాగే తుఫాను వానలో ఎయిర్ ఫ్రాన్స్ విమానం ఆలస్యంగా నేలను తాకి, రన్‌వే దాటి గోతిలోకి పోయి తగలబడింది. 309 మందీ బతికి బయటపడ్డారు. అంత మంటల్లో కూడా కొందరు బ్యాగులు పట్టుకుని దిగారు! సర్టిఫికెట్లు, మందుల చీటీ, ఫోను ఒంటిమీదే ఉంచుకోండి. పైన పెట్టిన బ్యాగు జోలికి పోకండి.

ఇక మీ ప్రశ్నలు. ముందు పిల్లలు అడగండి.