మాడిసన్ గేమ్ డే వ్లాగ్: 80 నంబర్ జెర్సీ ఇంకెవరికీ ఎందుకు ఇవ్వరు?

హాయ్ అండీ, అందరికీ నమస్తే. ఈరోజు శనివారం, అమెరికా విస్కాన్సిన్ రాష్ట్రంలోని మా మాడిసన్‌లో ఫుట్‌బాల్ గేమ్ డే. పొద్దున్నుంచే రోడ్ల మీద ఎక్కడ చూసినా ఎర్ర టీషర్ట్‌లే, స్టేడియం చుట్టుపక్కల ఇళ్లవాళ్లు తమ లాన్‌లోనే పార్కింగ్‌కి డబ్బులు తీసుకుంటున్నారు, గ్రిల్ మీద బ్రాట్‌వర్స్ట్ (ఒక రకం మాంసం సాసేజ్) కాలుతున్న వాసన రెండు వీధుల అవతలకి వస్తోంది. ఇవన్నీ ఇంతకుముందు వ్లాగ్స్‌లో చూపించాను కాబట్టి ఈసారి వాటి దగ్గర ఆగను. చాలా రోజులుగా చెప్పాలనుకుంటున్న కథ ఒకటుంది, 1942లో ఇక్కడ ఆడిన విస్కాన్సిన్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్ కథ. టైటిల్‌లో అడిగిన 80 నంబర్ కూడా ఆ టీమ్‌లోని ఒక ఆటగాడిదే.

ముందు ఈ ఆర్చ్ చూడండి. దీని వెనక ఉన్నదే క్యాంప్ ర్యాండల్ స్టేడియం. అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో ఈ మైదానంలో దాదాపు 70 వేల మంది సైనికులు శిక్షణ తీసుకున్నారు. ఆర్చ్ 1912లో కట్టారు, స్టేడియం 1917లో తెరిచారు. అంటే ఆట కంటే ముందు ఇక్కడ యుద్ధమే ఉంది.

ఇండియా నుంచి చూస్తున్న అమ్మావాళ్ల కోసం ఒక్క మాట. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేది కాదు. కోడిగుడ్డులా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తాలి, లేదా విసరాలి. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్తే బంతి మళ్లీ వాళ్లకే. ఇప్పుడైతే దాడికి వేరే ఆటగాళ్లు, డిఫెన్స్‌కి వేరే ఆటగాళ్లు దిగుతారు కానీ, 1942లో అలా కాదు, ఆ పదకొండు మందే రెండూ ఆడేవాళ్లు.

పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసి, అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగింది 1941 డిసెంబర్‌లో. తర్వాతి సెప్టెంబర్‌కి ఈ కుర్రాళ్లు మైదానంలోకి దిగేటప్పటికే, చదువు అవగానే, కొందరు అవకముందే, యుద్ధానికి వెళ్లాల్సిందేనని అందరికీ తెలుసు. ఆ సీజన్ షెడ్యూల్ చూసినా ఆ సంగతి అర్థమవుతుంది. మొదటి మ్యాచ్ ఇంకో కాలేజీతో కాదు, క్యాంప్ గ్రాంట్ అనే ఆర్మీ క్యాంప్ టీమ్‌తో, 7-0తో గెలిచారు. తర్వాత షికాగో సోల్జర్ ఫీల్డ్‌లో గ్రేట్ లేక్స్ నేవీ శిక్షణ కేంద్రం టీమ్‌ని 13-7తో ఓడించారు. రెండో ఏడాది చదువుతున్న ఎల్రాయ్ హర్ష్ అనే కుర్రాడు ఆ మ్యాచ్‌లో పరిగెత్తిన తీరు చూసి, కాళ్లు ఆరు దిక్కులకి తిరుగుతున్నాయని ఒక పేపర్ విలేకరి రాశాడట. అప్పటినుంచి అతని పేరు 'క్రేజీలెగ్స్'.

కోచ్ హ్యారీ స్టుల్‌డ్రేయర్, ఒకప్పుడు నోటర్‌డామ్ యూనివర్సిటీ టీమ్‌లో పెద్ద స్టార్. టీమ్‌లో హర్ష్, ఫుల్‌బ్యాక్ (దాడిలో వెనక నిలబడి బంతితో పరిగెత్తేవాడు) ప్యాట్ హార్డర్, ఇంకా ఇద్దరు కెప్టెన్లు, డేవ్ ష్రైనర్, మార్క్ హాస్కిన్స్. ఈ ఇద్దరిదీ ఒకే ఊరు, ఇక్కడికి పడమరగా ఉండే లాంకాస్టర్. చిన్నప్పటి నుంచి స్నేహితులు. ఒకే ఊరి నుంచి వచ్చి ఒకే టీమ్‌కి ఇద్దరూ కెప్టెన్లవ్వడం నాకు ఎంత నచ్చుతుందో చెప్పలేను.

అసలు మ్యాచ్ అక్టోబర్ 31న, ఇదే స్టేడియంలో. ఒహాయో స్టేట్ వచ్చింది, దేశంలో నంబర్ వన్ టీమ్, కోచ్ పాల్ బ్రౌన్. ట్రైన్‌లో తాగిన నీళ్లు పడక ఒహాయో ఆటగాళ్లలో చాలామందికి కడుపు పాడైందని అంటారు, అందుకే వాళ్ల అభిమానులు ఈరోజుకీ దాన్ని చెడ్డనీళ్ల మ్యాచ్ అనే పిలుస్తారు. నేను మాత్రం నీళ్ల వల్లే ఓడారంటే ఒప్పుకోను. హర్ష్ ఆ రోజు ఆడిన ఆట అలాంటిది. అతను విసిరిన బంతిని ష్రైనర్ అందుకుని టచ్‌డౌన్ చేశాడు, అంటే బంతిని అవతలి వాళ్ల గీత దాటించి పాయింట్లు తెచ్చాడు. 17-7. ఆ ఏడాది ఒహాయో ఓడింది ఈ ఒక్క మ్యాచే.

మరి ఛాంపియన్లు వీళ్లేనా అంటే, కాదండీ. సరిగ్గా వారం తర్వాత అయోవా చేతిలో 6-0తో ఓడిపోయారు. అంతకుముందు నోటర్‌డామ్‌తో 7-7 టై కూడా ఉంది. మొత్తం 8 గెలుపులు, 1 ఓటమి, 1 టై, చివరి ర్యాంక్ మూడు. మొదటి ర్యాంక్ వీళ్ల చేతిలో ఓడిన ఒహాయోకే. ఆ అయోవా మ్యాచ్ గురించి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

1943 జులైలో నేవీ వాళ్లు వీ-12 అనే శిక్షణ పథకం మొదలుపెట్టారు. ఏ కాలేజీకి పంపితే అక్కడ చదువుకుంటూ ఆఫీసర్ ట్రైనింగ్ పూర్తిచేయాలి, అక్కడి టీమ్‌కి ఆడొచ్చు. అలా హర్ష్‌తో పాటు మరికొందరిని మిషిగన్ యూనివర్సిటీకి పంపారు, అంటే నేరుగా ప్రత్యర్థి టీమ్‌కే. ఆ ఏడాది మిషిగన్ ఒకే ఒక్క మ్యాచ్ ఓడింది. విస్కాన్సిన్ పది మ్యాచ్‌లలో గెలిచింది ఒక్కటి. ఒక్క సంవత్సరంలో టీమ్ మొత్తం అలా ఖాళీ అయిపోయింది.

హాస్కిన్స్ బాంబర్ విమానంలో కో-పైలట్‌గా వెళ్లాడు. 1944లో హంగరీ మీద ఆ విమానాన్ని కూల్చేశారు, జర్మన్లకి యుద్ధ ఖైదీగా చిక్కాడు, కానీ ప్రాణాలతో ఇంటికొచ్చాడు.

ష్రైనర్, టీమ్‌లో ట్యాకిల్‌గా (ముందు వరసలో అడ్డుకునే ఆటగాడిగా) ఆడిన బాబ్ బామన్, ఇద్దరూ మెరైన్స్ అనే అమెరికా సైనిక దళంలో ఒకే రెజిమెంట్. 1944 క్రిస్మస్ ముందురోజు పసిఫిక్‌లోని గ్వాడల్‌కనాల్ దీవిలో రెండు మెరైన్ రెజిమెంట్లు ఫుట్‌బాల్ మ్యాచ్ పెట్టుకున్నాయి. గడ్డి లేదు, పగడపురాళ్ల నేల. ముట్టుకుంటే అవుట్ అన్న రూల్‌తో మొదలుపెట్టి, కాసేపటికే నిజంగానే ఒకళ్లనొకళ్లు పడేసుకున్నారు. స్కోరు 0-0. ఆ మ్యాచ్ ఆడినవాళ్లలో పదిహేను మంది కొన్ని నెలలకే జపాన్‌కి చెందిన ఓకినావా దీవి యుద్ధంలో చనిపోయారు. బామన్ జూన్ మొదట్లో. ష్రైనర్ జూన్ 21న, అక్కడి యుద్ధం ముగుస్తున్న రోజుల్లోనే. వయసు 24. అప్పటికి రెండుసార్లు ఆల్-అమెరికన్, అంటే దేశంలోని ఉత్తమ కాలేజీ ఆటగాళ్లలో ఒకడిగా ఎంపికయ్యాడు.

మన పిల్లలు ఇక్కడికి ఎమ్మెస్‌కి వచ్చే వయసే కదా అది. ఆ లెక్క తట్టిన తర్వాత నాకు ఈ కథ ర్యాంకుల కథలా అనిపించడం మానేసింది.

హర్ష్ తర్వాత లాస్ ఏంజెలెస్ రామ్స్ అనే ప్రొఫెషనల్ టీమ్‌కి ఆడి పెద్ద పేరు తెచ్చుకున్నాడు, 1969 నుంచి 1987 దాకా ఇక్కడే యూనివర్సిటీ అథ్లెటిక్ డైరెక్టర్‌గా పనిచేశాడు. ఏటా వసంతంలో రాష్ట్ర అసెంబ్లీ భవనం క్యాపిటల్ దగ్గర మొదలై ఈ స్టేడియం లోపల ముగిసే క్రేజీలెగ్స్ పరుగు అతని పేరు మీదే. మన తెలుగువాళ్లలో పరిగెత్తాలని సరదా ఉన్నవాళ్లు తప్పకుండా రిజిస్టర్ చేసుకోండి, నడుచుకుంటూ అయినా పూర్తిచేయొచ్చు.

ష్రైనర్ వేసుకున్న 80 నంబర్‌ని యూనివర్సిటీ ఇంకెవరికీ ఇవ్వకుండా ఆపేసింది, హర్ష్ 40 నంబర్ కూడా అంతే. స్టేడియంలో ఆ నంబర్లు పైన రాసి ఉంటాయి. పిల్లల్ని గేమ్‌కి తీసుకొస్తే మూడో క్వార్టర్ లోపే చూపించండి, ఆ తర్వాత పాట పెట్టగానే 70 వేల మందికి పైగా ఒకేసారి గెంతడం మొదలుపెడతారు, ఇంక ఎవరికీ ఏదీ చూపించలేం. సరే, గేట్లు తెరిచారు, మేం లోపలికి వెళ్తున్నాం. లాంకాస్టర్ వెళ్లి ఆ ఊరు కూడా చూపించాలని ఉంది, మీలో ఎవరైనా అటు వెళ్లుంటే ఏమేం చూడొచ్చో నాకు చెప్పండి.